పునాదిలోనే తనిఖీ

విద్యుత్తు నొసగు ప్లుటోనియమే బాంబునకును బనికివచ్చును. కావుననే అణుపదార్థ మాయుధములకు మరలకుండ లెక్క చూచు భారము 1957లో నేర్పడిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థపై నుంచబడినది. ఆ లెక్కకు వలయు నేర్పాట్లు గోడలు లేచిన పిదపనా, ప్లాను గీయునాడేనా?

పూర్వపు నిబంధన ననుసరించి, కర్మాగారములోనికి అణుపదార్థము వచ్చుటకు 180 దినములు ముందుగా నిర్మాణ వివరములు దెలిపినఁ జాలును. అప్పటికే కాంక్రీటు గట్టిపడి, గొట్టములు బిగింపబడి యుండును, కెమేరాకుఁ జోటుండదు. 1991 యుద్ధానంతరము ఇరాకు రహస్య ప్రయత్నములు బయల్పడగా, నిర్మింప నిశ్చయించినంతనే వివరములు దెలుపవలెనని సంస్థ పాలకవర్గము 1992లో నిర్ణయించెను.

ఆలస్యమునకు వెల యెంతయో జపానునందలి తోకై కర్మాగారము చూపినది. 1988లో పని ప్రారంభించిన యా ప్లుటోనియ మింధనశాలలో, పొడి యంత్రముల సందుల నంటుకొని నిలిచిపోయెను. 1994 నాటికి అది సుమారు 70 కిలోలు! ఒక బాంబునకుఁ జాలునని సంస్థ యెంచు పరిమాణము 8 కిలోలు మాత్రమే. పదార్థము లోపలనే యున్నదని కర్మాగారమువా రనిరి. కాని దానిని సరిగాఁ గొలిచి చూపుట దుస్తరమయ్యెను. తుదకు పొడిని వెలికిఁదీసి, పరికరములను మార్పవలసివచ్చెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యన నిదియే.

ఫిన్‌లాండు ముందుచూపు గనబఱచినది. వాడిన యింధనమును 400 మీటర్లకు మించిన లోతునఁ బాతుటకు ఓన్‌కాలో నిర్మింపఁబూని, రూపకల్పన దశలోనే తనిఖీదారులతో సంప్రదించినది. పాతిన పెట్టెను మరల లెక్కింపలేము గదా!

పరుల తనిఖీ స్వాతంత్ర్యమునకు భంగము గాదా యని దేశాభిమానులు శంకింతురు. శంక సహజమే. కాని 2009లో భారతదేశము సంతకము చేసిన యొడంబడిక స్వేచ్ఛగాఁ జేసికొన్నది. ఏ కర్మాగారములు పౌరములో మనమే నిర్ణయించితిమి. ఒప్పుకొన్న తనిఖీని అరకొరగా జరిపించుకొనుట గౌరవము గాదు. వెనుక నతికించిన తనిఖీ పనిని నిలుపును. తనిఖీదారులను మాటిమాటికి రప్పించును. ముందే యమర్చిన పరికరములు వారి రాకపోకలను తగ్గించును.

శ్రీకాకుళము జిల్లా కొవ్వాడయందు ఆరు అమెరికా రియాక్టర్లను స్థాపింపఁ దలపెట్టబడినది. విదేశమునుండి తెచ్చునవి గావున నవి తనిఖీకి లోబడును. రేపు పరులు వచ్చి గోడ కొట్టుమనుటకంటె, నేఁడు మన యింజనీర్లే పటములో ద్వారము నుంచుట మేలు. ప్రభుత్వ మీ విషయమున నాలస్యము చేయరాదు.