షేర్‌హోల్డర్‌కి చెబితే జైలు, ఆదివాసికి చెబితే జరిమానానా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క ప్రశ్న. కంపెనీ పెద్దసారు షేర్లు కొన్నోళ్లకి అబద్ధం చెబితే నేరం. అదే అబద్ధం మన ఊళ్లో షామియానా కింద మైకులో చెబితే ఏమవుతుంది?

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తనే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు, లేని డబ్బు లెక్కల్లో ఉన్నట్టు చూపించామని. 2015లో హైదరాబాద్ కోర్టు పదిమందికి ఏడేళ్ల జైలు వేసింది. తర్వాత అప్పీలు, బెయిలు వచ్చాయి, అది వేరే కథ. కానీ మనుషులు పేర్లతో సహా బోనులో నిలబడ్డారు. 2013 కంపెనీల చట్టమైతే మోసానికి పదేళ్ల దాకా జైలు అంటోంది.

ఇప్పుడు ఒడిశా నియమగిరికి రండి. కొండ కింద లాంజిగఢ్‌లో వేదాంత రిఫైనరీకి అటవీ భూమి అక్కర్లేదని చెప్పి పర్యావరణ అనుమతి తీసుకున్నారు. నిజానికి 58 హెక్టార్లకు పైగా అడవి ఉంది. ఈ సంగతి 2005లో రాసింది మనం కాదు, సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ. 2013లో 12 గ్రామసభలు వద్దంటే కొండ మీద గని ఆగింది. రిఫైనరీ మాత్రం ఇంకా నడుస్తోంది. ఆ దరఖాస్తు మీద సంతకం ఎవరిదో మనలో ఎంతమందికి తెలుసు?

2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం, తప్పుడు సమాచారం ఇస్తే అనుమతి రద్దు చేయొచ్చు. అంటే శిక్ష కాగితానికి, మనిషికి కాదు. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. పెద్ద కంపెనీకి 15 లక్షలంటే చాయ్ ఖర్చు!

"అవి అంచనాలే, అబద్ధాలు కావు" అంటారు. అంచనా తప్పితే జైల్లో వెయ్యమని మనం అడగట్లేదు. తెలిసీ దాచినోణ్ణి అడుగుతున్నాం. షేర్‌హోల్డర్ విషయంలో ఆ తేడా చూడగలిగిన చట్టానికి మన విషయంలో కళ్లు ఎందుకు కనపడవు? వాళ్లది డబ్బు, మనది నేల. డబ్బు మళ్లీ వస్తది, కొండ రాదు.

అందుకే మన డిమాండ్ ఒక్కటే: అనుమతి కోసం తెలిసీ అబద్ధం రాసి సంతకం పెట్టిన మనిషే, సొంత పేరుతో, జవాబు చెప్పాలి.

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. ప్రజాభిప్రాయ సేకరణ మొత్తం వీడియో తీయాలని, అక్కడ చెప్పినవి స్థానిక భాషలో చదివి వినిపించాలని రూల్ ఉంది. ఆ వీడియో కాపీ అడగండి. మైకులో మాట్లాడినాయన పేరు, హోదా రాయించండి. నోటిమాట గాలికి పోతుంది, రికార్డు కోర్టుకి పోతుంది.

జోహార్!