చందా ఇచ్చాం, లెక్క కూడా అడుగుదాం



ఈ మధ్య మన గ్రూపుల్లో చందాల మెసేజీలు ఎక్కువయ్యాయి. ఒకరి ఆపరేషనుకని, ఊళ్లో బడికని, గుడికని, ఇక్కడ పని పోయినవాళ్లకు బియ్యం పప్పులకని రోజుకొకటి వస్తోంది. మనవాళ్లది పెద్ద చెయ్యి. ఆలోచించకుండా పదో ఇరవయ్యో డాలర్లు వేసేస్తున్నారు. దాని వెనకాలే ఇంకో మెసేజీ కూడా తిరుగుతోంది. "సంస్థలకు ఒక్క పైసా ఇవ్వకండి, పైనున్నోళ్లు లక్షల జీతాలు తింటారు" అని. ఏ సంస్థ, ఏ సంవత్సరం, ఆ లెక్క ఎక్కడిది అంటే అందులో ఏమీ ఉండదు.

ఒకరు కళ్లు మూసుకుని ఇవ్వమంటారు. ఇంకొకరు కళ్లు మూసుకుని మానమంటారు. నేను చెప్పేది ఒక్కటే, కళ్లు తెరిచి ఇద్దాం.

20 డాలర్లంటే ఎంతో ముందు చూడండి. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ కనీస వేతనం గంటకు 23.50 డాలర్లు అయింది. వారానికి 40 గంటలు చేసేవాడికి పన్ను, ఏసీసీ కోత పోగా గంటకు చేతికొచ్చేది 20 డాలర్ల లోపే. అంటే మనం వేసే 20 డాలర్లు గంటకు పైగా మోసిన బరువు, చలిలో, వానలో. దాని లెక్క అడగడం పిసినారితనం కాదు.

జీతాల సంగతి చూద్దాం. సంస్థలో జీతం తీసుకోవడమే తప్పా? కాదు. మన పనిలో స్కాఫోల్డింగుకు అద్దె కడతాం. ఇల్లు పూర్తయ్యాక అది ఇంట్లో మిగలదు. ఓనరు కంటికి దండగ ఖర్చులాగే కనపడుతుంది. కానీ అది లేకుండా రెండో అంతస్తు లేవదు. లేపాలని చూస్తే మనిషి కింద పడతాడు. సంస్థ నడపడం కూడా అంతే. బియ్యం పంచాలంటే గోదాము అద్దె కట్టాలి, వ్యానుకు పెట్రోలు పొయ్యాలి, లెక్క రాసే మనిషి ఉండాలి. ఈ దేశంలో వీసా సలహా ఎవరుపడితే వాళ్లు చెప్పకూడదు, లైసెన్సు ఉన్న సలహాదారో లాయరో చెప్పాలి. వాళ్లకూ ఇల్లు గడవాలి కదా. 2023 ఆగస్టులో ఆక్లండ్ పాపాకురా వైపు ఇరుకు ఇళ్లలో మన దేశం నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన వందకు పైగా కార్మికులు పని లేక, తిండి లేక దొరికారు. అలాంటప్పుడు తిండి పట్టుకెళ్లడానికి, కంప్లయింటు రాయించడానికి ముందే నిలబడి ఉన్న సంస్థ కావాలి. ఆ రోజుకారోజు పుట్టుకురాదు.

అయితే స్కాఫోల్డింగు బిల్లు ఇంటి బిల్లుతో పోటీ పడితే ఓనరు అడగడా? అడగాలి. అడగడానికి ఇక్కడ దారి కూడా ఉంది.

2005లో వచ్చిన చారిటీస్ చట్టం కింద న్యూజీలాండ్‌లో పాతిక వేలకు పైగా సంస్థలు నమోదై ఉన్నాయి. వాటి రిజిస్టరు చారిటీస్ సర్వీసెస్ అనే ప్రభుత్వ విభాగం వెబ్‌సైటులో అందరికీ తెరిచి ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు. సంస్థ పేరు గానీ, సీసీ అక్షరాలతో మొదలయ్యే దాని నంబరు గానీ కొడితే చాలు. పెద్దలు ఎవరు, నియమాలు ఏమిటి, ప్రతి ఏడాది ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, జీతాలకు ఎంత పోయింది అన్నీ కనపడతాయి. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు లెక్క దాఖలు చెయ్యాలి. చెయ్యలేదంటే మన మొదటి ప్రశ్న అదే.

పెద్దాయన జీతం ఎంతో విడిగా అక్కడ ఉండకపోవచ్చు. అమెరికాలో అయితే ఫారం 990లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల పేరూ జీతమూ రాయాలి. ఇక్కడ పెద్ద సంస్థలు ముఖ్యమైన మేనేజర్లు ఎంతమంది, అందరికీ కలిపి ఎంత ఇచ్చాం అన్నది చెప్తే సరిపోతుంది. అది లెక్కల చివర్లో నోట్సులో ఉంటుంది. ఐదుగురికి కలిపి 9 లక్షల డాలర్లు అని ఉందనుకోండి, మనిషికి సగటున లక్షా 80 వేలు. అది ఎక్కువా తక్కువా అనేది ఆ సంస్థ ఎంత పెద్దది, ఎంతమంది పనిచేస్తారు, ఏం పని చేసి చూపించింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇలా లెక్క తెరిచి ఉండటం వల్ల ఏమవుతుందో ఒక ఉదాహరణ. పశ్చిమ ఆక్లండ్‌లో వైపరేరా ట్రస్టు అని మావోరి జనానికి వైద్యం, ఇళ్లు, పిల్లల సేవలు చూసే పెద్ద సంస్థ ఉంది. దాని ముఖ్య మేనేజర్ల జీతాలు సగటున ఏడాదికి 5 లక్షల డాలర్లు దాటాయని ఇక్కడి పత్రికలు రాశాయి. ట్రస్టు తన నిర్ణయాన్ని సమర్థించుకుంది. ఎవరిది న్యాయం అన్నది మనం తేల్చేది కాదు. కానీ ఆ అంకె ఎవరో చాటుగా చెప్పిన గాలి కబురు కాదు, సంస్థ స్వయంగా ఇచ్చిన లెక్క. అందుకే దాని మీద వాదించుకోవడానికి వీలైంది. వాట్సాప్ ఫార్వర్డుకీ దీనికీ తేడా అదే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. "మా దగ్గర ఎవరూ జీతం తీసుకోరు, అంతా సేవే" అనే మాట వినగానే మనం లెక్క అడగడం మానేస్తాం. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే.

తానా సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. 1977లో మొదలైన ఉత్తర అమెరికా తెలుగు సంఘం. తెలుగువాళ్ల సంఘాల్లో పెద్ద పేరున్నది. దాని సేవా విభాగం తానా ఫౌండేషన్. అక్కడ ఎన్నికై వచ్చే పదవులు జీతం లేనివి. అయినా 2024 నవంబరులో తానా తన సభ్యులకు ఏం చెప్పుకోవాల్సి వచ్చింది? ఫౌండేషన్ కోశాధికారిగా ఉన్న మనిషి 36 లక్షల డాలర్లకు పైగా సొమ్మును 2022 నుంచి 2024 మధ్య తన సొంత కంపెనీకి మళ్లించాడని. ఊళ్లలో కంటి వైద్య శిబిరాలకు, పిల్లల చదువులకు అని జనం ఇచ్చిన డబ్బు అది. జీతం పేరుతో ఒక్క డాలరు తీసుకోని పదవి నుంచే అంత డబ్బు కదిలింది.

కాబట్టి జీతం తీసుకున్నవాడు దొంగ కాదు, తీసుకోనివాడు దేవుడూ కాదు. డబ్బును కాపాడేది మనిషి మంచితనం ఒక్కటే కాదు. ఒక్కడి సంతకంతో డబ్బు బయటికి పోకుండా ఉండటం, నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటు ఇంకో మనిషి చూడటం, ఏడాదికోసారి అందరి ముందు లెక్క పెట్టడం, ఈ మూడూ కాపాడతాయి. సైట్‌లో ఎంత నమ్మకమైన మేస్త్రీ అయినా కొలత తియ్యకుండా బిల్లు పాస్ చెయ్యం కదా. మేస్త్రీ కూడా దానికి కోపం తెచ్చుకోడు. తిరుమలలో వెంకన్న హుండీ డబ్బును కూడా పరకామణిలో పదిమంది చూస్తుండగా లెక్కపెడతారు. దేవుడి సొమ్ముకే అంత కాపలా ఉంటే కూలోడి సొమ్ముకు ఉండొద్దా?

ఇంకో విషయం, రసీదుల గురించి. అమెరికాలో కొన్ని కంపెనీలు ఉద్యోగి ఎంత విరాళం ఇస్తే తామూ అంత కలిపి ఇస్తాయి. ఫ్యానీ మే అనే పెద్ద గృహరుణాల సంస్థ 2025 ఏప్రిల్‌లో వందమందికి పైగా ఉద్యోగులను తీసేసింది. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని, ఈ జత విరాళాల్లో మోసం జరిగిందన్నది ఆరోపణ అని వార్తలొచ్చాయి. మనకెందుకు ఇది అనుకోవద్దు. ఇక్కడ అనుమతి ఉన్న సంస్థకు 5 డాలర్లు, ఆ పైన ఇచ్చిన విరాళానికి మూడో వంతు ఇన్‌ల్యాండ్ రెవెన్యూ మనకు తిరిగి ఇస్తుంది. 300 ఇస్తే 100 వెనక్కి వస్తుంది. నాలుగేళ్ల వరకూ పాత రసీదులకు అడగొచ్చు. మనవాళ్లు చాలామందికి ఇది తెలియక వదులుకుంటున్నారు. రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. అయితే రాఫిల్ టికెట్టు, భోజనం టికెట్టు విరాళం కిందికి రావు. మన ఊరికి నేరుగా పంపిన డబ్బుకూ రాదు. ఎవరైనా "100 ఇవ్వు, 300కి రసీదు రాస్తా" అంటే ఆ చోటు నుంచి లేచి వచ్చేయండి. అది ప్రభుత్వాన్ని మోసం చెయ్యడం. దొరికితే మన వీసా కూడా దాంతో చిక్కుల్లో పడుతుంది.

చందా వేసే ముందు ఈ ఐదూ అడగండి:

1. సంస్థకు సీసీ నంబరు ఉందా? ఉంటే రిజిస్టరులో పోయినేడాది లెక్క ఉందా?
2. డబ్బు సంస్థ ఖాతాలో పడుతుందా, మనిషి సొంత ఖాతాలోనా?
3. ఖాతా నుంచి తియ్యడానికి ఎంతమంది ఒప్పుకోవాలి?
4. జీతాలకు, అద్దెకు ఎంత, అసలు పనికి ఎంత?
5. అనుకున్న పనికి పోగా డబ్బు మిగిలితే ఏం చేస్తారు?

ఐదో ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది గానీ తగాదాలన్నీ అక్కడే పుడతాయి. చనిపోయిన మనిషిని ఊరికి పంపడానికని వసూలు చేస్తాం. అవసరానికి మించి వస్తుంది. మిగిలింది ఆ కుటుంబానిదా, తర్వాత వచ్చే కష్టానికి దాచాలా? ముందే రాసుకోకపోతే ఏడుపు ఇంట్లో లెక్కల గొడవ మొదలవుతుంది. అంతకంటే పాపం ఉండదు.

చిన్న సంఘాలకు ఇంకో మాట. వరసగా రెండేళ్లు ఖర్చు 11 లక్షల డాలర్లు దాటిన చారిటీకే చట్టం ప్రకారం ఆడిట్ తప్పనిసరి. ఐదున్నర లక్షల నుంచి అక్కడి వరకూ ఆడిట్ గానీ, దానికంటే చిన్న తనిఖీ గానీ చాలు. పండగలు చేసుకునే, కష్టానికి చేరే మన సంఘాలు చాలావరకూ అంతకు కిందే ఉంటాయి. చట్టం మన దగ్గరికి ఆడిటర్ని పంపదు. ఇక్కడ ఆడిటరు సభ్యుడే. 2022 ఇన్‌కార్పొరేటెడ్ సొసైటీల చట్టం ప్రకారం నమోదైన సంఘంలో సభ్యుడు సంఘం దగ్గరున్న సమాచారాన్ని రాతపూర్వకంగా అడగొచ్చు. ఏడాదికోసారి జరిగే సర్వసభ్య సమావేశానికి మనం పోం. పోయినా భోజనాల టైముకు పోతాం. లెక్కలు చదివేటప్పుడు కుర్చీలు ఖాళీ. ఆ తర్వాత బయట నిలబడి "వాళ్లు తినేశారు" అంటాం.

మన గ్రూపు దీనికి మినహాయింపు కాదు. పక్కోడిని అడిగే ముందు మనం చూపించాలి. అందుకే మన సభ్యుల ముందు ఈ మూడు మాటలు పెడుతున్నాను. వసూలు చేసిన ప్రతి డబ్బుకూ ఇద్దరి ఆమోదం ఉండాలి, ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్లు కాకూడదు. ప్రతి నెల మొదటి ఆదివారం వచ్చిందెంత, పోయిందెంత, ఉన్నదెంత ఈ గ్రూపులోనే పెట్టాలి. సాయం అందుకున్నవాళ్ల పేర్లు మాత్రం పెట్టకూడదు, వాళ్ల పరువు వాళ్లకుండాలి. మూడోది, మన తరఫున తిరిగేవాళ్లకు పెట్రోలు ఖర్చు ఇవ్వాలి, దాన్ని లెక్కలో బాహాటంగా రాయాలి. సొంత జేబులోంచి పెట్టి పెట్టి అలిసిపోయి మంచోళ్లు తప్పుకుంటున్నారు. ఖర్చు దాచుకుంటే అనుమానం వస్తుంది, రాసి చూపిస్తే రాదు.

అభ్యంతరం ఉన్నవాళ్లు ఇక్కడే రాయండి, లోపల పెట్టుకోకండి. ఒప్పుకున్నవాళ్లు వచ్చే ఆదివారం మీటింగుకు రండి, ఆ ఇద్దరూ ఎవరో అందరం కలిసి తేల్చుకుందాం.