పక్వాశయం, వృక్కాలు – మన గర్వానికి ఒక హద్దు

మూత్రం ఎక్కడ పుడుతుంది? ఈ ప్రశ్నకు సుశ్రుతుడు చెప్పిన సమాధానం పక్వాశయం. అక్కడి నుండి వేలకొలది సూక్ష్మనాడులు మూత్రాన్ని వస్తికి చేరవేస్తున్నవని నిదానస్థానంలో వర్ణించినాడు. చరకుడు మూత్రవహ స్రోతస్సుకు వస్తి, వంక్షణాలు మూలమన్నాడు. వృక్కాలను మేదోవహ స్రోతస్సుకు మూలంగా చెప్పినాడు. గురువుగారి ఇంట మేము ఈ పాఠం చదువుకొనే రోజులలో ఒక సహాధ్యాయి, "డాక్టర్లు మూత్రం వృక్కాలలోనే పుడుతుందంటున్నారు గదా" అని అడిగినాడు. గురువుగారు కొంతసేపు మౌనంగా ఉండి, "ముందు కంఠస్థం చేయండి" అన్నారు.

ఆ ప్రశ్న ఇప్పుడు వేరొక రూపంలో తిరిగి వచ్చినది. ప్రేగులలోని సూక్ష్మజీవులకు, వృక్కరోగానికి, వార్ధక్యానికి గల సంబంధాన్ని గురించి విదేశాలలోను, మన దేశంలోను విస్తారంగా పరిశోధనలు జరుగుతున్నవి. ఇది విని మా వైద్యులలో కొందరు, సుశ్రుతుడు చెప్పినదే ఋజువైనదని సభలలో ఉపన్యసిస్తున్నారు. వినడానికి నాకూ ఆనందంగానే ఉన్నది. కాని ఈ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ గర్వానికి మూల్యం చెల్లించేది మనం కాదు, మన ఇంట ముసలివారు.

ముందుగా విషయం ఏమిటో చూద్దాము. మనం తినే పప్పు, పాలు, మాంసం మొదలైన వాటిలోని మాంసకృత్తులలో ట్రిప్టోఫాన్ అనే అంశం ఉన్నది. జీర్ణం కాక పెద్దప్రేగుకు చేరిన భాగాన్ని అక్కడి సూక్ష్మజీవులు ఇండోల్ అనే పదార్థంగా మారుస్తవి. కాలేయం దానిని ఇండాక్సిల్ సల్ఫేట్‌గా మార్చి రక్తంలోకి విడుస్తుంది. ఆరోగ్యవంతమైన వృక్కాలు దానిని మూత్రంలో వెలుపలికి పంపివేస్తవి. వృక్కాలు బలహీనపడితే అది రక్తంలో నిలువ ఉండి, రక్తనాళాలకు, మిగిలి ఉన్న వృక్కభాగానికి కూడ హాని చేస్తుంది. రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకొని ఉండడం చేత డయాలసిస్ యంత్రం కూడ దానిని బాగుగా వడకట్టలేదు. మన ఆచార్యులు అజీర్ణం వల్ల పుట్టే ఆమాన్ని గురించి చెప్పిన మాటలు ఎవరికైనా జ్ఞాపకం రాక మానవు.

ఈ ఆలోచన పాశ్చాత్యులకూ క్రొత్తది కాదు. 1908లో నోబెల్ బహుమతి పొందిన మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు, పెద్దప్రేగులో సూక్ష్మజీవులు కుళ్ళబెట్టే పదార్థాల వల్లనే ముసలితనం త్వరగా వస్తుందని వాదించినాడు. పులిసిన పాలు ఆయుర్వృద్ధికి మంచివని ప్రచారం చేసి, తానూ నిత్యం సేవించినాడు. ఆయన 1916లో 71వ ఏట మరణించినాడు. మన ఇళ్ళలో మజ్జిగతో తొంభై ఏళ్ళు బ్రతికిన ముత్తవ్వలను ఆయన చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో! అయితే అదే మజ్జిగ త్రాగి అరవైకే పోయినవారు కూడ మన ఇళ్ళలోనే ఉన్నారు. వారి లెక్క మనం చెప్పుకోము.

2017లో అమెరికాలో ఒక పరిశీలన వెలువడినది. వృక్కాలు బాగుగా ఉన్న 35 లక్షల మంది మాజీ సైనికుల వివరాలను ఏండ్ల తరబడి గమనిస్తే, మలబద్ధకం ఉన్నవారిలో దీర్ఘకాలిక వృక్కరోగం సుమారు 13 శాతం అధికంగా కనబడినది. మలబద్ధకం సర్వరోగాలకు మూలమని చెప్పే మా బోటి వారికి ఇది పండుగ వంటి వార్త. కాని రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని తేలదు. సరిగా ఈ స్థలంలోనే మరొక పరిశోధనను గుర్తుచేసుకోవలసి ఉన్నది. ప్రేగులలోనే ఇండోల్‌ను పీల్చుకొనే ఒక విధమైన బొగ్గును జపానులో 1991 నుండి వృక్కరోగులకు మందుగా ఇస్తున్నారు. దానితో రక్తంలో ఆ విషం తగ్గుతుంది. అయినను, వివిధ దేశాలలో రెండు వేల మందికి పైగా రోగులపై పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితాలలో, వ్యాధి ముదరడాన్ని అది ఆపినట్లు కనబడలేదు. అనగా పక్వాశయాన్ని శుభ్రపరచినంతనే వృక్కాలు కుదుటపడవు. విరేచనాలతో వృక్కరోగాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇచ్చేవారు ఈ సంగతి తెలిసి చెప్పరో, తెలియకనే చెప్పరో! ముసలివారికి తీవ్రవిరేచనం ఇస్తే శరీరంలో నీరు తగ్గి, ఉన్న వృక్కశక్తి కూడ దెబ్బతింటుంది.

వార్ధక్యం సంగతి వేరు. ఆరోగ్యవంతునికి కూడ నలభై దాటిన తరువాత వృక్కాల వడపోత శక్తి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటుంది. యౌవనంలో ఒక్కొక్క వృక్కంలో పది లక్షల వరకు ఉన్న వడపోత గుళికలు డెబ్బై ఏళ్ళకు ఇంచుమించు సగం అవుతున్నవని 2017లో వృక్కదాతలను పరీక్షించి తేల్చినారు. ఇది జరావస్థ, రోగం కాదు. కాని రోగం దీని చాటున దాగి వస్తుంది. సగం శక్తి పోయేవరకు రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు. కండ క్షీణించిన వృద్ధులలో మరీ మోసం. అంకె బాగున్నట్లే కనబడుతుంది. అందుకే వయసును కూడ కలిపి లెక్క కట్టవలెను.

నా పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. చాలా ఏళ్ళ క్రితం రిటైరైన ఉపాధ్యాయుడొకరు కాళ్ళవాపుతో వచ్చినారు. నాడి చూసినాను, గురువుగారు నేర్పిన విధంగా మూత్రంలో నూనెబొట్టు వేసి చూసినాను. పునర్నవ, పల్లేరు కలిపి కషాయం ఇచ్చినాను. వాపు తగ్గినది. ఆయన సంతోషించినారు, నేనూ సంతోషించినాను. మూత్రం నురగ కడుతున్నదని ఆయన భార్య చెప్పిన మాటను నేను లక్ష్యపెట్టలేదు. ఏడు నెలల తరువాత వాంతులతో పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోతే, అప్పటికే డయాలసిస్ తప్పని స్థితి. ఆయనకు పదేళ్ళుగా మధుమేహం ఉన్నది. నూనెబొట్టు ఆల్బుమిన్‌ను చూపదు. వాపు తగ్గడం రోగం తగ్గడం కాదని ఆ రోజున తెలిసినది. కషాయం ఆయనకు హాని చేసినదని అనుకోను. అది తినివేసినది ఆ ఏడు నెలల కాలాన్ని.

కాలానికి ఇప్పుడు ఇంకా విలువ పెరిగినది. మధుమేహానికై తయారైన కొన్ని మాత్రలు, మధుమేహం లేనివారిలో కూడ వృక్కరోగం ముదరడాన్ని నెమ్మదింపజేస్తున్నవని 2020లో నిరూపితమైనది. ఆలస్యం చేసినకొద్దీ కాపాడుకొనడానికి మిగిలేది తక్కువ.

మన మందులను గురించి కూడ దాచకుండా చెప్పుకోవలెను. యవక్షారం మూత్రకృచ్ఛ్రానికి ప్రసిద్ధమైన ఔషధమే. కాని దానిలో పొటాషియం లవణాలు మెండు. కొబ్బరినీళ్ళలోనూ అంతే. ముదిరిన వృక్కరోగికి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగవచ్చును. చలువ చేస్తుందని ప్రేమతో గ్లాసుల కొద్దీ త్రాగించే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవలెను. ఇక గాడిదగడపాకు, ఈశ్వరివేరు: ఈ రెండూ అరిస్టలోకియా జాతికి చెందినవి. ఈ జాతి మొక్కలలోని ఆమ్లం వృక్కాలను ఎండగట్టి, మూత్రమార్గంలో పుట్టకురుపు కలిగిస్తుంది. 1993లో బెల్జియంలో, బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికలలో ఈ జాతి వేరు పొరపాటున కలియగా స్త్రీలకు వృక్కాలు చెడిపోయిన సంగతి వెల్లడి అయినది. డాన్యూబు నదీ ప్రాంతపు పల్లెలలో తరతరాలుగా ఉన్న వృక్కరోగానికి కూడ గోధుమలలో కలిసే ఈ జాతి గింజలే కారణమని తేలినది. మా గురువుగారి మందులపెట్టెలో ఈశ్వరివేరు ఉండేది. నా పెట్టెలో లేదు.

మలబద్ధకం లేకుండ చూసుకొనడం, ఉప్పు తగ్గించడం, నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్లు మింగకపోవడం, వృద్ధులు రాత్రి మితంగా భుజించడం — ఇవి మనం నిస్సంకోచంగా చెప్పవచ్చును. ఉలవకట్టు, కొండపిండి కూరలను వృక్కాలు బాగున్నవారి విషయంలో నేను ఇప్పటికీ ఆదరిస్తాను. కాని మధుమేహం గాని, రక్తపుపోటు గాని ఉన్నవారు ఏడాదికి ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవలెను. ఇంట ఎవరికైనా వృక్కరోగం ఉన్నా అంతే. ఉద్దానంలో మధుమేహం, రక్తపుపోటు లేని రైతుకూలీలకు కూడ ఈ రోగం వస్తున్నది గనుక, ఆ ప్రాంతంవారు ఏ లక్షణమూ లేదని ఊరకుండరాదు.

ఇప్పుడు నా వద్దకు కాళ్ళవాపుతో వచ్చేవారికి మొదట ఇచ్చేది మందు కాదు, ఆ రెండు పరీక్షలు వ్రాసిన చీటీ. కొందరు ఆ చీటీని చూసి, ఈయనకు నాడి చూడడం రాదు కాబోలునని వేరొక వైద్యుని వద్దకు వెళ్ళిపోతున్నారు.