మేడమ్‌గారికి ఏ రంగు?

కారు కొనడానికి మొగుడితో కలిసి వెళ్ళిన ఇల్లాలిని షోరూములో అడిగే ప్రశ్న ఒక్కటే వుంటుంది. "మేడమ్, మీకు ఏ రంగు ఇష్టం?" ఇంజను గురించి సార్‌తో, మైలేజీ గురించి సార్‌తో, వాయిదాల గురించి సార్‌తో మాట్లాడతారు. ఆ వాయిదాలో సగం మేడమ్ జీతంలోంచే పోతుందని ఆ కుర్రాడికి తెలీదు. తెలిసిన సార్ చెప్పరు. రంగు ఒక్కటీ మనకి వదిలేసి, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు ఇద్దరూ ఓ నవ్వు నవ్వుతారు.

ఆ తరువాత టెస్ట్ డ్రైవ్ అనే తతంగం. పెళ్ళిచూపులు దీనికంటే నయం. కడిగి, తుడిచి, ముందే ఏసీ వేసి చల్లబరిచిన బండి గుమ్మంలో నిలబడుతుంది. స్టీరింగు దగ్గర అయ్యగారు, పక్కన సేల్స్ కుర్రాడు, వెనక ఒళ్ళో హ్యాండ్‌బ్యాగుతో మనం. అతను చూపించిన సాఫీ రోడ్డు మీదే రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళి, యూటర్న్ కొట్టి వచ్చేస్తారు. "బాగుంది కదూ?" అని అద్దంలోంచి ఓ మాట. పది పన్నెండు లక్షల వస్తువు మీద తీర్పు పావుగంటలో అయిపోయింది! రెండు వేల చీరకి మనం గంట తీసుకుంటే నవ్వేది కూడా వీళ్ళే సుమండీ.

పాత చిన్న కారు పదిహేనేళ్ళు చాకిరీ చేసింది, దాన్ని సాగనంపుదాం అనుకున్న ప్రతి ఇంట్లోనూ ఇవాళ వినబడే మాట కాంపాక్ట్ ఎస్‌యూవీ. ఎత్తుగా వుంటుంది, గోతుల్లో కింద తగలదు, పార్కింగులో పడుతుంది. అన్నీ నిజాలే. కానీ వీటి పొట్టితనం మన వీధుల మీద జాలితో వచ్చింది కాదు. 2006 బడ్జెట్లో, నాలుగు మీటర్లలోపు పొడవుండి, ఇంజను పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలోనూ అదే గీత వుంది: గీత లోపలుంటే 18 శాతం, దాటితే 40. అంచేత కంపెనీలన్నీ నాలుగు మీటర్ల గుడ్డలోనే ఎత్తయిన బానెట్టు, దర్జా మూతి, డిక్కీ, ఐదుగురు మనుషులు, అన్నీ కుట్టాలి. గుడ్డ చాలనప్పుడు దర్జీ ఎక్కడ పిసినారితనం చేస్తాడో మనకి ఒకరు చెప్పాలా? బయటికి కనిపించే చోట మాత్రం చెయ్యడు. వెనక సీట్లో మోకాళ్ళ దగ్గరో, డిక్కీలోనో చేస్తాడు. ఆ సీట్లో కూర్చునేదెవరు? అత్తగారూ, పిల్లలూ, మనమూ. మరి ఆ సీటుని ఎవరు పరీక్ష చేశారు?

ఇది షోరూము కుర్రాడి ఒక్కడి తప్పంటే నేను ఒప్పుకోను. మన దేశంలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగ్ వుండి తీరాలని 2019 జూలైలో నిబంధన వచ్చింది. పక్క సీటుకి కూడా అన్ని కొత్త కార్లలో తప్పనిసరి అయ్యేసరికి 2022 జనవరి. అంటే రెండున్నరేళ్ళ పాటు, స్టీరింగు దగ్గర కూర్చున్నాయనకి రక్ష తప్పనిసరి, పక్కన కూర్చున్న భార్యకి మాత్రం కంపెనీవారి దయ! 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారుని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దిస్తారు. మంచి పనే, ఆ నక్షత్రాలు చూడకుండా ఏ కారూ కొనకండి. కానీ ఆ పరీక్షలో ముందు సీట్లలో కూర్చోబెట్టే బొమ్మలు రెండూ సగటు మగవాడి కొలతలవి, సుమారు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. వెనక రెండు పసిపిల్లల బొమ్మలు. అయిదడుగుల ఇల్లాలూ లేదు, డెబ్భై ఏళ్ళ అత్తగారూ లేదు.

కాబట్టి ఆ పరీక్షేదో మనమే చెయ్యాలి. "మా ఆవిడకి టెక్నికల్ విషయాలు తెలీవండీ" అంటారు. ఏం తెలియాలి? సీటులో కూర్చుంటే తెలుస్తుంది. మా పక్కింటావిడ సరిగ్గా అయిదడుగులు. బడి నుంచి పిల్లల్ని తెచ్చేదీ, తండ్రిని ఆస్పత్రికి తీసికెళ్ళేదీ ఆవిడే. కారు మాత్రం ఆవిడ భర్త నడిపి చూసి కొన్నారు. ఇంటికొచ్చాక చూస్తే, సీటు ముందుకి జరిపితే గానీ క్లచ్ అందదు. జరిపితే స్టీరింగు గుండెకి ఆనుతున్నట్టుంటుంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి గుండెకీ స్టీరింగుకీ మధ్య కనీసం పది అంగుళాల ఎడం వుండాలని నిపుణులు చెబుతారు. సీటు పైకి లేపుకునే మీట ఏదీ అంటే, అది టాప్ మోడల్లోనేనట. నడిపి చూడమని ఇచ్చింది టాప్ మోడల్, కొన్నది మధ్యరకం! బానెట్టు మూల కనబడక ఆవిడ అపార్టుమెంటు సెల్లార్లోంచి పైకొచ్చే మలుపులో ప్రతిరోజూ దేవుణ్ణి తలుచుకుంటుంది. ఆ గోడ మీద ఎర్రరంగు గీతలు నేను చూశాను. "ఆడవాళ్ళ డ్రైవింగు" అని వాచ్‌మన్‌తో సహా అందరూ తీర్మానించేశారు.

అమ్మాయిలూ, అమ్మలూ, మొహమాటం పక్కన పెట్టండి. లైసెన్సు వుంటే తాళం మీరు అడగండి. మీరు కొనబోయే మోడలే తెమ్మనండి. చీర కట్టుకునే వెళ్ళండి, ఆ ఎత్తుకి కాలు ఎలా పడుతుందో తెలియాలి. అత్తగారిని ఎక్కించి దింపండి, ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆవిడ దేన్ని పట్టుకుని లేచారో గమనించండి. వెనక మధ్యలో కూర్చునే మనిషికి మూడు చోట్ల పట్టే బెల్టూ, తలకి ఆసరా వున్నాయో లేదో చూడండి. సైరస్ మిస్త్రీ అంతటి ఆయన 2022 సెప్టెంబరులో పోయింది వెనక సీట్లోనే, బెల్టు పెట్టుకోక. డ్రైవింగు రాదా? అప్పుడు ఆ వెనక సీటు మరీ మీదే. వాళ్ళాయన పావుగంట నడిపితే మీరు అరగంట కూర్చోండి.

ఇంకొకటి. ఖాళీ కారు ఏదైనా పరుగెత్తుతుంది. ఐదుగురినీ ఎక్కించి, ఏసీ పూర్తిగా పెట్టి, ఎత్తు ఎక్కించాలి. హైదరాబాదైతే బంజారాహిల్స్ వుంది, విశాఖలో సింహాచలం కొండ వుంది, బెజవాడలో ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు వుంది. సగం ఎత్తులో ఆపి మళ్ళీ కదిలించమనండి. "అంతదూరం పర్మిషన్ లేదు మేడమ్" అంటాడు కుర్రాడు. సరే నాయనా అని లేచి, పక్క షోరూముకి వెళ్ళండి. డబ్బు మన చేతిలో వున్నంతసేపు పర్మిషన్లు వాటంతటవే వస్తాయి. అడ్వాన్సు కట్టేశాక మాత్రం ఫోను కూడా ఎత్తరు.