విరాళాల ఫ్లెక్సీపై కవి వాక్యం: ఒక అభ్యంతరం

రక్తదాన శిబిరమైనా, వరద సహాయనిధి అయినా, అనాథాశ్రమానికి బియ్యం సేకరణ అయినా, ఫ్లెక్సీ అచ్చుకు వెళ్లేముందు నిర్వాహకులు తెలుగు అధ్యాపకుణ్ణి సంప్రదించడం మన ప్రాంతంలో ఆనవాయితీ అయింది. రెండు మంచి పంక్తులు చెప్పమంటారు. చెబుతాము. నా అభ్యంతరం నిర్వాహకుల మీద కాదు, ఆ పంక్తులు తుంచి ఇచ్చే మన మీద.

ఈ విధంగానైనా కవిత్వం జనంలోకి పోతున్నది గదా అని మిత్రులు సమర్థిస్తారు. పోతున్నది ఏమిటో పరిశీలించాలి. గురజాడ 'దేశభక్తి' 1913లో బందరు నుండి వెలువడే కృష్ణాపత్రికలో అచ్చయింది. ఆ గేయం నుండి ఫ్లెక్సీలకు ఎక్కేది ఎప్పుడూ దేశాన్ని మనుషులతో నిర్వచించిన చోటే. పంట పెంచమనీ, చేతిపనులు వృద్ధి చేయమనీ, సొంత లాభంలో కొంత తగ్గించుకొని పొరుగువాణ్ణి ఆదుకోమనీ కవి నిలదీసిన భాగాలు గేయంలోనే మిగిలిపోతాయి. దానం కోరే ప్రచారానికి నిజంగా పనికివచ్చేది ఆ చివరి మాటే. కాని అది చదువరిని అడుగుతుంది. నిర్వచనం ఏమీ అడగదు. మిగిలిన గేయం నుండి వేరుచేసిన నిర్వచనం దాతకు ప్రశంసాపత్రంగా మారుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న దివిసీమలో 'మనుషులు' అన్న మాటను అలంకారంగా వాడటం నాకు సహింపరాని విషయం.

స్థానికత కోసమని కాసుల పురుషోత్తమకవిని తెచ్చుకుంటే చిక్కు ఇంకా పెద్దది. చల్లపల్లి కేంద్రమైన దేవరకోట సంస్థానాన్ని ఆశ్రయించిన ఈ దివిసీమ కవి 'ఆంధ్రనాయక శతకం' నిందాస్తుతి. శ్రీకాకుళాంధ్రదేవుని మీద మోపిన నేరాలు సీసపాదాలలో ఒకదానిమీద ఒకటి పేరుకొని, ఎత్తుగీతి దాటి మకుటం చేరేసరికి భక్తిగా తిరుగుతాయి. ఒక్క పాదం కోస్తే మిగిలేది తిట్టు. తిట్టును తప్పించి కోస్తే మిగిలేది సాధారణ స్తోత్రం. రెండూ పురుషోత్తమకవివి కావు. పూర్తి సీసానికి చోటు లేదని డిజైనరు అంటాడు. దాతల ఫొటోలకు మాత్రం ఆ ఫ్లెక్సీలోనే చోటు దొరుకుతుంది!

వేమన సంగతి చెప్పనక్కరలేదు. ఆటవెలది గణాలు కుదరని పలుకుల కింద కూడా ఆయన పేరు కనిపిస్తున్నది. గణవిభజనకు రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు మనం వెచ్చించలేదు.

కవి పేరు, కృతి పేరు, పూర్తి పద్యం లేదా అర్థం చెడని ఖండిక ఇవ్వగలిగితేనే ఇవ్వాలని నా ప్రతిపాదన. ఇది పండితుల చాదస్తమని కొందరంటారు. 2014 నుండి తెల్లవారకముందే చీపురు పట్టి వీధులు ఊడుస్తున్న కార్యకర్తలున్న చల్లపల్లిలో, సేవకు కవి సాక్ష్యం తప్పనిసరి అని నేననుకోను. చోటు చాలనప్పుడు ఎన్ని దుప్పట్లు కావాలో, ఎవరికి కావాలో, ఏ తేదీలోగా ఎక్కడ అందజేయాలో పెద్ద అక్షరాలతో వేయమని ఆ ఫోనులోనే చెప్పవచ్చు.