చేనికి చచ్చిన తోడు

మరుగుచున్న పాలలో తోడు వేయు గృహిణి మన ఊళ్లలో నొకతెయు లేదు. పాలు గోరువెచ్చనగు వఱకు ఆగును. వ్రేలు ముంచి చూచును. చలిదినములలో గిన్నెను పొయ్యిదాపున నుంచును. తోడులో నున్నవి ప్రాణులనియు, వేడిమి మితిమీఱిన అవి చచ్చుననియు ఆమెకు ఏ పాఠశాలయు చెప్పలేదు. సూక్ష్మజీవులచేత పని చేయించుకొను విద్యకు నేడు జీవసాంకేతికశాస్త్రమని పెద్దపేరు పెట్టియున్నారు. ఆ విద్యకు మొదటిసూత్రము ఇదియే. వంటింట దీనిని తప్పక పాటించు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతముల కాపురములు చేనియందు దీనిని గాలికి వదలుట మాకు వింతగా నున్నది.

మేము చెప్పునది వేరుసెనగ సంగతి. వానను నమ్ముకొని మన ఎఱ్ఱనేలలలో వేయు పంట యిది. దీని వేళ్లబుడిపెలలో రైజోబియం జాతి సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలో నూటికి 78 పాళ్లున్న నత్రజనిని పట్టి మొక్కకు ఆహారముగా నిచ్చును. మొక్క వానికి చక్కెర నిచ్చును. 1888లో జర్మనీ శాస్త్రజ్ఞులు హెల్‌రీగెల్, విల్ఫార్తులు ఈ బుడిపెల రహస్యమును వివరముగా ప్రకటించిరి. ఆ యేటనే హాలండువాసి బైజరింక్ ఆ జీవిని వేఱుచేసెను. కర్మాగారములు మిక్కుటమైన వేడిమితో, ఒత్తిడితో సాధించు పనిని ఆవగింజంత బుడిపె సద్దులేక చేయుచున్నది.

ఈ జీవులను మెత్తని పొడిలో కలిపి పొట్లములుగా అమ్ముచున్నారు. ఎకరపు విత్తనమునకు 200 గ్రాముల పొట్లము చాలును. బెల్లపునీళ్లతో కలిపి గింజలకు పట్టించి, నీడను ఆరబెట్టి విత్తవలెను. 2006లో కేంద్రప్రభుత్వము వీనిని ఎరువుల నియంత్రణ ఉత్తరువు క్రిందికి తెచ్చి, గ్రాము పొడిలో కనీసము 5 కోట్ల బ్రదికిన జీవులుండవలెనని విధించెను. "బ్రదికిన" అను మాటను చదువరులు గమనింపవలెను. ఇక అంగడికి పోయి చూడుడు. రేకులకప్పు క్రింద, మన వేసవి యెండలో, యూరియా బస్తాల సరసన ఆ పొట్లము పడియుండును. యూరియాకు చచ్చుటకు ప్రాణమే లేదు. పొట్లమునకు కలదు. అట్టి పొట్లమును తెచ్చి, చాలక, తెగుళ్ల మందుతో కలిపి గింజకు పూసి, "దీనివలన ప్రయోజనము లేదు" అని తీర్పు చెప్పుదురు! మరిగిన పాలలో వేసి తోడును తిట్టువానికిని వీరికిని భేదమేమి?

మన పూర్వులకు ఇదంతయు తెలియునని కొందఱు పెద్దలు సంతోషింతురు. తోడు వేయుట తెలియును. తోడులో ఏమున్నదో తెలియదు. ఆ రెంటి నడుమనే శాస్త్రమున్నది.

పొట్లము కొనితీరవలెనని మేమనము. తరతరములుగా వేరుసెనగ పండిన నేలలో ఆ జీవులు ముందే యుండవచ్చును. పూతనాటికి ఒక మొక్కను వేళ్లతో త్రవ్వితీసి బుడిపెను గోట చీల్చి చూడుడు. లోపల ఎఱ్ఱగా నున్నచో పని జరుగుచున్నది. తెల్లగానో పచ్చగానో ఉన్నచో జరుగుటలేదు. దీనికి యంత్రమక్కఱలేదు, రుసుము లేదు. ఎఱ్ఱని బుడిపెలున్న చేనికి యూరియా గుమ్మరించుట పనివానిని సోమరిని చేయుట. నేలలో నత్రజని ఊరక దొరకిన మొక్క బుడిపెలను పెట్టుట తగ్గించును.

అసలు లోపము వేఱొకచో నున్నదని మా తలంపు. విత్తనపుకాయలు ఒలుచువారెవరు? పుచ్చుగింజలేరు వారెవరు? స్త్రీలు. తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనాస్థానము కలదు. నారాయణి, ధరణి యను వేరుసెనగ వంగడములు అక్కడివే. విద్యకు కొదువలేదు. గ్రామములో రైతుసభ జరిగినప్పుడు మాత్రము కుర్చీలు పురుషులకు, కాయలు ఒలుచు పని స్త్రీలకు. ప్రాణమున్న పొడిని ఎట్లు కాపాడవలెనో ఒక్క మాటలో గ్రహింపగలవారిని ఇంట కూర్చుండబెట్టి, ఆ మాటను బస్తాలు మోయువారికి చెప్పుచున్నాము. సభ కాయలొలుచు వసారాలలోనే, తొలకరికి ముందే, జరుగవలెను. అంగడివాడు పొట్లమును చల్లనిచోట ఉంచనిచో, కాలము తీఱినదానిని ఇచ్చినచో, గృహిణి దానిని త్రిప్పి పంపవలెను. తెగుళ్ల మందు ముందుగాను, ఈ పొడి చిట్టచివరను పట్టింపవలెననియు, ఎండ తగులనీయరాదనియు పొట్లముపై తెలుగున పెద్ద అక్షరములతో అచ్చువేయుటకు అడ్డమేమో తయారుచేయువారు చెప్పవలెను.