పెద్దపేగు శస్త్రచికిత్స అనంతరం పథ్యమెంత? మందెంత?

పెద్దపేగులో క్యాన్సర్ ఏర్పడి, ఆ భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించిన రోగులను బంధువులు ఆయుర్వేద వైద్యుల వద్దకు తీసుకొని రావడం ఇటీవల ఎక్కువైనది. నా వద్దకు వచ్చేవారి కోరికలు సాధారణంగా రెండు. ఆపరేషన్ ఎలాగూ అయిపోయింది కనుక ఆసుపత్రివారు చెప్పే ఇంజెక్షన్ల జోలికి పోకుండా లేహ్యాలతో, చూర్ణాలతో నయం చేయమనడం మొదటిది. పథ్యం చెప్పమనడం రెండవది. మొదటి కోరికను నేను నిర్మొహమాటంగా కాదంటాను. రెండవదానికి తీరికగా కూర్చొని సమాధానం చెబుతాను.

శస్త్రచికిత్స మన శాస్త్రానికి పరాయిదనే భ్రమ చాలామందిలో ఉన్నది. గురువుగారి ఎదుట కూర్చొని సుశ్రుత సంహితను వల్లెవేసిన నాకు ఆ మాట వింటే నవ్వు వస్తుంది. పేగులో అడ్డు ఏర్పడిన బద్ధగుదోదరంలో నాభికి దిగువన ఎడమవైపు ఉదరాన్ని తెరచి, పేగును వెలికితీసి పరిశీలించి, అడ్డును తొలగించి, తిరిగి లోపల అమర్చి కుట్టమని చెప్పినవాడు సుశ్రుతుడే. అర్బుదాన్ని శేషం లేకుండా తీసివేయాలని, ఏ కొంచెం మిగిలినా అది తిరిగి పెరిగి ప్రాణం తీస్తుందని చెప్పినవాడూ ఆయనే. నేటి వైద్యులు కీమోథెరపీ ఇచ్చేది ఆ కంటికి కనబడని శేషం కోసమే. తొలగించిన పేగుతో పాటు దానిని ఆనుకొని ఉన్న లింఫు గ్రంథులను, కనీసం 12 గ్రంథులను, సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. వాటిలోకి వ్యాధి పాకితే మూడవ దశ అంటారు. అప్పుడు మూడు నుండి ఆరు నెలల కీమోథెరపీ అవసరమవుతుంది. దానిని శస్త్రచికిత్స జరిగిన ఎనిమిది వారాలలోపు మొదలుపెట్టడం మంచిది. మొదటి దశలోనే దొరికినవారికి ఆ అవసరమే ఉండదు. కనుక బయాప్సీ రిపోర్టు చేతికి రాకముందే "కీమో వద్దు" అని ఇంట్లో తీర్మానించుకోవడం అవివేకం.

ఆసుపత్రిలో గడిపే రోజులు సాధారణంగా మూడు నుండి ఏడు. చిన్న రంధ్రాల ద్వారా చేసిన లాప్రోస్కోపీ అయితే కొంత తొందరగా, ఉదరాన్ని తెరచి చేసినదైతే కొంత ఆలస్యంగా ఇంటికి పంపుతారు. శస్త్రచికిత్స తరువాత పేగులు కొంతకాలం నిద్రాణంగా ఉంటాయి. అపానవాయువు వెలువడడానికి రెండు నుండి నాలుగు రోజులు పట్టవచ్చు. పూర్వం అంతవరకు నోటికి నీరు కూడా అందనిచ్చేవారు కారు. డెన్మార్క్ దేశపు శస్త్రవైద్యుడు హెన్రిక్ కెహ్లెట్ 1990 దశకంలో ప్రారంభించిన పద్ధతి వ్యాపించిన తరువాత, మొదటి రోజు నుండే కొద్దికొద్దిగా ద్రవాలు ఇస్తున్నారు, మంచం దింపి నడిపిస్తున్నారు. "పచ్చి ఒళ్ళు, అప్పుడే నడిపిస్తారా" అని బంధువులు అడ్డుపడకూడదు. లేచేటప్పుడు, దగ్గేటప్పుడు పొట్టకు చిన్న దిండు అదిమి పెట్టుకుంటే కుట్లకు ఆసరాగా ఉంటుంది.

ఇక పథ్యం. ఇక్కడే మన ఇళ్ళలో ఎక్కువ అపచారం జరుగుతున్నది. పప్పు తింటే పుండు చీము పడుతుందని, వంకాయ తింటే దురద పుడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని ఒక్కొక్కటే మానిపించి, చివరకు రోగికి చారన్నం మాత్రమే మిగిలిస్తారు. అదే ఆయుర్వేదమని చెప్పుకుంటారు! వ్రణం ఉన్నవారి ఆహారాన్ని గురించి సుశ్రుతుడు సూత్రస్థానంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే చెప్పాడు. అందులో పాత బియ్యం, పెసలు మొదలైన వాటి రసం, మాంసరసం, కాకర, దానిమ్మ, ఉసిరిక, సైంధవ లవణం ఉన్నాయి. వార్తాకం, అంటే వంకాయ కూడా ఆ జాబితాలో ఉన్నది. కొత్త ధాన్యం, మినుములు, నువ్వులు, ఉలవలు, పాలు, పెరుగు వద్దన్నాడు. ఈ చివరి రెండింటిలో నేను గ్రంథాన్ని అక్షరాలా అనుసరించను. పాలు తాగితే విరేచనాలయ్యే వారికి మాన్పిస్తాను. పలుచని మజ్జిగ, కొంచెం పెరుగు పడేవారికి వద్దనను.

కోసిన పేగు అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. శరీర బరువులో కిలోకు 1.2 నుండి 1.5 గ్రాముల వరకు రోజూ అందాలి. అరవై కిలోల మనిషికి అది 72 నుండి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు ఆరు గ్రాములే. చారన్నంతో ఈ లెక్క ఎలా నిండుతుంది?

పంచకర్మల తరువాత మందగించిన జఠరాగ్నిని నెమ్మదిగా రగిలించడానికి చరకుడు చెప్పిన సంసర్జన క్రమం ఇక్కడ చక్కగా ఉపకరిస్తుంది. మొదట పలుచని జావ, తరువాత చిక్కని జావ, అటుపై పెసరకట్టు, ఆ తరువాత తాలింపు వేసిన కట్టు, మాంసాహారులకు మాంసరసం. ఆసుపత్రివారు చెప్పే క్రమమూ దాదాపు ఇదే. ఇంటికి వచ్చిన నాలుగు నుండి ఆరు వారాల వరకు మెత్తని అన్నం, ఇడ్లీ, చెక్కు తీసి ఉడికించిన సొర, బీర, గుడ్డు, చేప వంటివి కొంచెం కొంచెంగా రోజుకు ఐదారు సార్లు తినాలి. పచ్చి కూరలు, మునగకాడ పీచు, మొక్కజొన్న, సెనగలు, గింజలు ఆ రోజులలో పనికిరావు. ఆ తరువాత పీచు పదార్థాలను ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకోవాలి.

మలవిసర్జనలో మార్పు అందరూ ఎదుర్కొనేదే. కుడివైపు పేగు తీసినవారికి విరేచనం పలుచబడుతుంది. దిగువ భాగం తీసినవారికి కొద్దికొద్దిగా పలుమార్లు వస్తుంది, ఆపుకోవడం కష్టమవుతుంది. నొప్పి మాత్రల వల్ల మలబద్ధం కలిగేవారూ ఉన్నారు. ఇవి చాలామందిలో కొన్ని వారాలకు, కొందరిలో నెలలకు సర్దుకుంటాయి. ఈలోగా ఇంట్లో సిద్ధంగా ఉన్న త్రిఫల, సునాముఖి, ఆముదం ఇచ్చేస్తారు. ఎనీమా కూడా ప్రయత్నిస్తారు. లోపల అతుకు ఇంకా లేతగా ఉన్నదని మరువరాదు. శస్త్రవైద్యుడు అనుమతించేవరకు విరేచనౌషధం గాని, వస్తికర్మ గాని ఎవరు చెప్పినా చేయకూడదు.

కొందరికి పొట్టమీద పేగు ద్వారం ఏర్పరచి సంచి అమరుస్తారు. తాత్కాలికమైనదైతే కొన్ని నెలల తరువాత మూసివేస్తారు. చిన్నపేగును బయటకు తెచ్చిన ఒక పెద్దావిడ సంచి నిండకుండా ఉండాలని తిండి, నీరు రెండూ తగ్గించి, కళ్ళు తిరిగి, పిక్కలు పట్టుకుపోయిన స్థితిలో నా వద్దకు వచ్చింది. ఆ ద్వారం గుండా నీరు, ఉప్పు విపరీతంగా పోతాయి. ఆమెను వెంటనే ఆసుపత్రికి పంపించాను. తేరుకున్న తరువాత ఆమె అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, ఈ సంచితో దేవుడి గదిలోకి పోవచ్చునా?" "అమ్మా, అందరికీ కడుపులో ఉన్నదే మీకు బయట ఉన్నది. స్నానం చేసి నిక్షేపంగా వెళ్ళండి" అన్నాను. ఆమె తిండి మానడానికి అసలు కారణం ఇంట్లోవారు ఆమె కంచాన్ని, పడకను వేరు చేయడమని అప్పుడు తెలిసింది. ఇటువంటివారు ఓఆర్ఎస్ ద్రావణం తాగుతుండాలి. సంచి మూడవ వంతు నుండి సగం నిండగానే ఖాళీ చేయాలి. ఆ ద్వారం పెదవి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడితే ఆలస్యం చేయకూడదు.

మొదటి రెండు వారాలలో జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, గుండెదడ, వాంతులు, పొట్ట ఉబ్బరం కనిపిస్తే లోపలి అతుకు జారిందేమోనని అనుమానించి అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక కాలు వాచి పిక్క నొప్పి పెడితే తైలమర్దనం చేయడం మన అలవాటు. రక్తం గడ్డకట్టిన కాలును మర్దిస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. నా వృత్తిలో తైలానికి ఎంత విలువ ఉన్నా, ఆ కాలిని తాకవద్దనే చెబుతాను. నాలుగైదు కిలోలకు మించిన బరువు ఆరు వారాలు ఎత్తరాదు. నీళ్ళ బిందె, మనవడు కూడా బరువే.

కీమోథెరపీ జరిగే నెలలలో వంటింటి పసుపు, అల్లం, జీలకర్రలకు అభ్యంతరం లేదు. గుళికల రూపంలో పసుపు సారం, భస్మాలు, ఊరూపేరూ లేని చూర్ణాలు మాత్రం వద్దు. కాలేయం, మూత్రపిండాలు అప్పటికే కీమో భారం మోస్తుంటాయి. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకునేవారికి చల్లని నీరు తాగినా, తాకినా గొంతులో, వేళ్ళలో సూదులు గుచ్చినట్లుంటుంది. గోరువెచ్చని నీరే మేలు. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటనలిచ్చేవారిని నమ్మేముందు, అటువంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించిందని తెలుసుకోవాలి. ఆ ప్రకటనలలో ధన్వంతరి బొమ్మ వేసుకునేవారి వల్ల మా వైద్యులందరికీ తలవంపులు.

చికిత్స ముగిసిన తరువాత నడక మానకూడదు. కీమోథెరపీ పూర్తయిన 889 మంది పెద్దపేగు రోగులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2025లో వెలువడినవి. మూడేళ్ళపాటు క్రమబద్ధంగా వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్ళకు జీవించి ఉన్నవారు 90 శాతం కాగా, తక్కినవారిలో 83 శాతం. మూడు నుండి ఆరు నెలలకొకసారి సీఈఏ రక్తపరీక్ష, వైద్యుడు చెప్పిన గడువులలో స్కానింగు, ఏడాదికి కొలనోస్కోపీ తప్పవు. రోగి తోబుట్టువులు, సంతానం కూడా నలభై ఏళ్ళకు గాని, రోగికి వ్యాధి బయటపడిన వయస్సుకు పదేళ్ళు ముందుగా గాని, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. రోగికి నలభై ఐదేళ్ళకు వ్యాధి బయటపడితే, ఆయన తమ్ముడు ముప్పై ఐదేళ్ళకే ఆ పరీక్షకు వెళ్ళాలి.